క్రికెట్ క్రీడ – తరతరాల ప్రమాణాలు

ఊరి రచ్చబండ దగ్గరైనా, కళాశాల ఆవరణలోనైనా క్రికెట్ ప్రస్తావన వచ్చిందంటే వాదం చివరకు ఒకే చోటికి చేరుతుంది. శిరస్త్రాణం లేకుండా వెస్టిండీస్ వేగాన్ని ఎదుర్కొన్న సునీల్ గవాస్కర్‌ను మించినవాడు లేడని తాత అంటాడు. సచిన్ టెండూల్కర్ ఆట చూడని జన్మ వ్యర్థమని తండ్రి అంటాడు. ఇరవై ఓవర్లలో రెండువందల యాభై పరుగులు చేయగల నేటి జట్ల ముందు పాతవారు నిలువగలరా అని మనుమడు అడుగుతాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. అయితే ముగ్గురూ వాడుతున్న కొలబద్ద ఒకటి కాదు. అందువల్లనే ఆ వాదం ఎన్నటికీ తెగదు.

పరుగు పందెంలో ఈ చిక్కు లేదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో జెస్సీ ఓవెన్స్ నూరు మీటర్ల దూరాన్ని 10.3 సెకన్లలో చేరి స్వర్ణపతకం పొందాడు. 2009లో అదే నగరంలో, అదే క్రీడామైదానంలో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో పరుగు ముగించాడు. నడుమ ఓవెన్స్ కాలపు బొగ్గుపొడి బాట పోయి మెత్తని కృత్రిమ బాట వచ్చింది, బూట్లు మారాయి, శిక్షణ మారింది. అయినా గడియారం అదే, నూరు మీటర్లు అవే. కనుక మనిషి వేగం పెరిగిందని నిశ్చయంగా చెప్పవచ్చు.

క్రికెట్‌కు అటువంటి గడియారం లేదు. బ్యాట్స్‌మన్ చేసిన పరుగులను అతడు ఔటైన సార్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది సగటు. ఆ పరుగులు ఎవరో ఒక బౌలర్‌ను ఎదిరించి చేసినవే. ఒక తరంలో బ్యాటింగ్, బౌలింగ్ రెండూ సమానంగా మెరుగుపడితే సగటులో ఏ మార్పూ కనిపించదు. రెండూ దిగజారినా అంతే. త్రాసులో రెండు పళ్లాల మీదా సమానమైన బరువు పెంచుతూ పోతే ముల్లు కదలదు కదా! సగటు ఆటగాని శక్తిని నేరుగా చెప్పదు. తన కాలపు ప్రత్యర్థుల నడుమ అతడు ఎక్కడ నిలిచాడో మాత్రమే చెబుతుంది. తరాలను పోల్చేవారు తరచుగా మరచిపోయే సంగతి ఇదే.

పందొమ్మిదవ శతాబ్దపు అంకెలను చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ఇంగ్లండు క్రికెట్‌కు పితామహుడనదగిన డబ్ల్యు.జి. గ్రేస్ టెస్టు సగటు 32.29 మాత్రమే. నేడు ఆ సగటు ఉన్న బ్యాట్స్‌మన్‌కు జట్టులో చోటు దక్కడమే కష్టం. అదే కాలపు బౌలర్ జార్జ్ లోమన్ 18 టెస్టులలో 112 వికెట్లు తీశాడు. ఒక్కొక్క వికెట్‌కు అతడు ఇచ్చిన పరుగులు సగటున 10.75. నేటి మేటి బౌలర్లెవరూ ఆ అంకె దరిదాపులకు రాలేరు. ఈ రెండు అంకెలను పట్టుకొని ఆనాటి బ్యాట్స్‌మెన్ అసమర్థులని, బౌలర్లు అమానుష ప్రతిభావంతులని నిర్ణయిస్తే అది అవివేకమే అవుతుంది. అసలు కారణం వారి కాళ్ల కింద ఉంది. ఆనాటి పిచ్‌లు గరుకైనవి. బంతి ఒకసారి మోకాలికి, మరొకసారి చెవి పక్కకు వచ్చేది. అటువంటి నేల మీద 1871లో గ్రేస్ ఫస్ట్ క్లాస్ పోటీలలో 78.25 సగటుతో 2739 పరుగులు చేశాడు. తోటివారు ఇరవై పరుగులకే సంతోషించే రోజులలో ఆ అంకె ఎంతటిదో ఊహించవచ్చు.

పిచ్ స్వభావం తరువాత కూడా చాలాకాలం ఆటను శాసించింది. వాన కురిస్తే పిచ్‌ను కప్పే ఆచారం అన్ని దేశాలలోనూ ఒకేసారి రాలేదు. ఇంగ్లండు కౌంటీ పోటీలలో పిచ్‌ను పూర్తిగా కప్పడం 1981 నుండి గాని స్థిరపడలేదు. తడిసి, ఎండకు ఆరుతున్న పిచ్ మీద స్పిన్ బౌలర్‌ను ఎదుర్కొనడం ఒక ప్రత్యేక విద్య. ఆ విద్యలో ఆరితేరినవారు వెనుకటి తరంలో ఉండేవారు. నేటివారికి అది రాదంటే అది వారి లోపం కాదు. అవసరం తీరిన విద్య సహజంగానే మరుగున పడింది. నియమాలు కూడా నిలకడగా లేవు. ఆఫ్ స్టంపుకు వెలుపల పడి లోనికి వచ్చిన బంతికి ఎల్.బి.డబ్ల్యు. ఇచ్చే పద్ధతిని 1935లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 1937లో నియమంగా చేశారు. అంతకు ముందు అటువంటి బంతిని కాలితో నిశ్చింతగా అడ్డుకొనవచ్చు. 1920లలో ఆడిన బ్యాట్స్‌మన్ సగటును 1950లలో ఆడినవాని సగటుతో పోల్చేటప్పుడు ఈ ఒక్క మార్పునైనా తలచుకొనక తప్పదు.

ఇంతవరకు చెప్పినదంతా సామాన్య క్రీడాకారులకు వర్తిస్తుంది. డాన్ బ్రాడ్‌మన్ దగ్గరకు వచ్చేసరికి లెక్క తప్పుతుంది.

బ్రాడ్‌మన్ 1928 నుండి 1948 వరకు ఆస్ట్రేలియా పక్షాన 52 టెస్టులు ఆడి 6996 పరుగులు చేశాడు. సగటు 99.94. చివరి ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు సరిగ్గా నూరు అయ్యేది. ఎరిక్ హోలీస్ వేసిన రెండవ బంతికే సున్నాకు వెనుదిరిగాడు. టెస్టులలో రెండువేల పరుగులు దాటినవారిలో ఆయన తరువాతి స్థానం గ్రేమ్ పొలాక్‌ది. అతని సగటు 60.97. జార్జ్ హెడ్లీ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ అతని వెన్నంటి ఉన్నారు. అంటే మొదటివానికి, రెండవవానికి నడుమ దాదాపు నలభై పరుగుల ఎడం. రెండవవాని నుండి ఇరవయ్యవవాని వరకు లెక్కపెట్టినా అంత ఎడం రాదు. 1930లో లీడ్స్‌లో ఒక్క రోజులో ఆయన చేసిన 309 పరుగులను టెస్టులలో ఇంతవరకు ఎవరూ దాటలేదు.

ఆ కాలంలో బౌలర్లు బలహీనులు కనుక అది సాధ్యమైందని చెప్పడం తేలిక. కాని అదే బౌలర్లను ఎదుర్కొన్న ఇతరులు ఎందుకు నూరు సగటు సాధించలేదు? ఆయనను కట్టడి చేయడానికి 1932–33లో ఇంగ్లండు జట్టు శరీరానికి గురిపెట్టి బంతులు వేసే బాడీలైన్ వ్యూహాన్ని పన్నింది. ఆ సిరీస్‌లో ఆయన నాలుగు టెస్టులాడి 396 పరుగులు చేశాడు, సగటు 56.57. ఒక దేశం నీతిని పక్కనపెట్టి, రెండు దేశాల స్నేహాన్ని పణంగా పెట్టి సాధించినదేమిటంటే, బ్రాడ్‌మన్‌ను ఇతర మహా క్రీడాకారుల స్థాయికి దించడం! అయితే రెండవ పక్షాన్ని కూడా వినాలి. ఆయన 52 టెస్టులలో 37 ఇంగ్లండు మీద ఆడినవే. ఆస్ట్రేలియా, ఇంగ్లండు తప్ప మరొక దేశంలో ఆయన టెస్టు ఆడలేదు. మన దేశపు దుమ్ము రేగే పిచ్‌లు ఆయనకు తెలియవు. తడిసిన పిచ్‌ల మీద ఆయన తడబడిన సందర్భాలూ ఉన్నాయి. టెండూల్కర్ పలు దేశాల నేలలమీద 200 టెస్టులు ఆడి 53.78 సగటుతో 15921 పరుగులు చేశాడు; వాటితోపాటు 463 ఒకరోజు అంతర్జాతీయ పోటీలు ఆడాడు. ఆ శ్రమ బ్రాడ్‌మన్ ఎరుగడు.

ఈ చిక్కుముడిని విప్పడానికి క్రికెట్‌కు సంబంధం లేని ఒక పండితుని ఆలోచన తోడ్పడుతుంది. స్టీఫెన్ జే గూల్డ్ అమెరికాకు చెందిన శిలాజ శాస్త్రవేత్త. ఆయనకు బేస్‌బాల్ మీద మక్కువ ఎక్కువ. ఆ ఆటలో బ్యాటు పట్టినవాడు పది అవకాశాలలో నాలుగుసార్లు బంతిని విజయవంతంగా కొట్టగలిగితే అది మహోన్నత స్థాయి. అమెరికన్, నేషనల్ లీగులలో 1941లో టెడ్ విలియమ్స్ తరువాత ఆ స్థాయిని అందుకొన్నవారు లేరు. కాబట్టి ఆటగాళ్ల నేర్పు క్షీణించిందని పలువురు వాపోయారు. గూల్డ్ దానిని తలక్రిందులు చేశాడు. ఆ స్థాయి మాయమైంది ఆట దిగజారినందువల్ల కాదు, ఆట మొత్తం మెరుగైనందువల్ల అని ఆయన వాదం. ఆట బాల్యావస్థలో ఉన్నప్పుడు నేర్చినవారికి, నేర్వనివారికి నడుమ అంతరం పెద్దది. శిక్షణ వ్యాపించి, ఎంపిక కఠినమై, అందరూ మానవ సామర్థ్యపు అంచుకు చేరువవుతున్న కొద్దీ ఆ అంతరం కుదించుకుపోతుంది. లీగు సగటు ఇంచుమించు అక్కడే ఉన్నా, దానికి అటూ ఇటూ ఉండే చెదరుదల తగ్గిపోతుంది. శిఖరం కుంగలేదు, లోయ పైకి లేచింది.

ఈ వెలుగులో చూస్తే బ్రాడ్‌మన్ సగటు మళ్లీ ఎందుకు రాలేదో కొంత అర్థమవుతుంది. కొంత మాత్రమే. ఎందుకంటే గూల్డ్ వాదం ప్రకారం ఆనాడు బ్రాడ్‌మన్ వంటివారు ఒకరిద్దరైనా ఉండవలసింది. ఆయనకు ముందూ లేరు, ఆయన కాలంలోనూ లేరు. ఆ మిగిలిన భాగాన్ని ఏ సిద్ధాంతానికీ అప్పగించకుండా ఆయన ఖాతాలోనే వేయడం న్యాయం.

పరిమిత ఓవర్ల ఆట వచ్చాక ప్రమాణాల మార్పు కంటికి కనిపించేంత వేగంగా జరిగింది. 1975 జూన్ 7న లార్డ్స్ మైదానంలో మొదటి ప్రపంచకప్ ఆరంభమైంది. ఇంగ్లండు 60 ఓవర్లలో 4 వికెట్లకు 334 పరుగులు చేసింది. అది ఛేదించలేని లక్ష్యమని తలచారో ఏమో, భారత జట్టు 3 వికెట్లకు 132 పరుగులతో సరిపెట్టుకొంది. గవాస్కర్ మొదటి నుండి చివరి వరకు నిలిచి 174 బంతులలో 36 పరుగులు చేశాడు. ఈ ముచ్చట విని నేటి యువకులు నవ్వుతారు. అయితే 1987 అక్టోబరు 31న నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద అదే గవాస్కర్ 85 బంతులలో శతకం పూర్తిచేశాడు. అప్పటికి ఆయన వయసు 38. శరీరం వడలి, చూపు మందగించే వయసులో ఆట వేగం ఎలా పెరిగింది? మారినది ఆయన చేతి సత్తువ కాదు; బ్యాట్స్‌మన్ నుండి ఆట ఏమి ఆశిస్తుందన్న భావన మారింది.

ఆ భావన తరువాత మరీ దూరం పోయింది. 2010లో గ్వాలియర్‌లో టెండూల్కర్ పురుషుల ఒకరోజు అంతర్జాతీయ పోటీలలో మొట్టమొదటి ద్విశతకం చేశాడు. నాలుగేళ్లు తిరిగేసరికి రోహిత్ శర్మ 264 చేశాడు. 2024 మార్చి 27న ఉప్పల్ మైదానంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ముంబయి మీద ఇరవై ఓవర్లలో 3 వికెట్లకు 277 పరుగులు చేసి, పదకొండేళ్ల నాటి ఐ.పి.ఎల్. రికార్డును తుడిచివేసింది, మూడు వారాలు కాకముందే బెంగుళూరులో 287 చేసి తన రికార్డును తానే దాటింది. అరవై ఓవర్లలో 132 చేసిన రోజుకు, ఇరవై ఓవర్లలో 287 చేసిన రోజుకు నడుమ ఉన్నది ఒక మనిషి జీవితకాలం కంటే తక్కువే.

అయితే ఈ దూకుడంతా కొత్త తరం కనిపెట్టిందనుకొంటే పొరపాటు. 2022 డిసెంబరులో రావల్పిండి టెస్టు మొదటి రోజున ఇంగ్లండు 75 ఓవర్లలో 4 వికెట్లకు 506 పరుగులు చేసినప్పుడు లోకం విస్తుపోయింది. ఆ రోజు బద్దలైన మొదటి రోజు రికార్డు ఎప్పటిదంటే, 1910లో సిడ్నీలో దక్షిణాఫ్రికా మీద ఆస్ట్రేలియా చేసిన 494! ఆనాడు రోజుకు పడే ఓవర్లు ఎక్కువన్నది నిజమే. కాని నూటపన్నెండేళ్ల క్రితం టోపీలు పెట్టుకొని, సన్నని బ్యాట్లతో ఆడిన మనుషులు కూడా ఒక్క రోజులో ఐదువందల అంచుకు వచ్చారన్నది మరింత నిజం.

బ్యాటు సంగతి వేరుగా చెప్పుకొనవలసిందే. వెనుకటి బ్యాటు అంచు సన్ననిది. నేటి బ్యాటు బరువు పెరగకుండానే కండపట్టింది. అంచుకు తగిలిన బంతి కూడా సిక్సరవుతున్న రోజులు వచ్చేసరికి 2017లో నియమాలు సవరించి, అంచు మందం 40 మిల్లీమీటర్లకు, మొత్తం లోతు 67 మిల్లీమీటర్లకు మించరాదని కట్టడి చేశారు. బౌండరీ గీతలు తాళ్ల రూపంలో లోనికి జరిగాయి. బ్రాడ్‌మన్ తన టెస్టు జీవితం మొత్తంలో కొట్టిన సిక్సర్లు ఆరు, నేటి ఐ.పి.ఎల్. ఆటగాడు ఒక్క సాయంకాలంలో అన్ని కొడతాడు. బంతిని గాలిలోకి లేపకపోవడమే ఆనాడు బ్యాట్స్‌మన్‌కు వివేకం.

శిరస్త్రాణం తెచ్చిన మార్పు ఇంకా లోతైనది. 1962లో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తగిలి భారత సారథి నారీ కాంట్రాక్టర్ తల ఎముక చిట్లింది. వెస్టిండీస్ సారథి ఫ్రాంక్ వొరెల్ రక్తదానం చేశాడు. కాంట్రాక్టర్ బ్రతికి బయటపడ్డాడు గాని మళ్లీ టెస్టు ఆడలేదు. టెస్టు క్రికెట్‌లో మొదటిసారిగా 1978లో గ్రహం యాలప్ శిరస్త్రాణం ధరించాడు, అదీ బార్బడోస్‌లోనే. అంతకు ముందు ఎదిగివచ్చే బంతిని హుక్ చేయడమంటే ప్రాణంతో చెలగాటం. నేడు తప్పు చేస్తే వికెట్ పోతుంది. నాడు తప్పు చేస్తే ఏమి పోతుందో కాంట్రాక్టర్‌ను చూసినవారికి తెలుసు. ఈ తేడాను ఏ సగటూ పట్టి చూపదు.

ఒకే ఊరివారు ఒకే మైదానంలో ఆడిన ఆటలను వరుసగా పేర్చి చూస్తే ప్రమాణాల మార్పు మరింత బాగా తెలుస్తుంది. 1960 జనవరిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టులో హైదరాబాదుకు చెందిన ఎం.ఎల్. జయసింహ ఐదు రోజులూ ఎంతో కొంతసేపు బ్యాటింగ్ చేశాడు. టెస్టు చరిత్రలో ఆ విధంగా చేసిన మొదటివాడు ఆయనే. రెండు ఇన్నింగ్స్‌లలో ఆయన చేసినవి 20, 74. సొగసైన ఆటకు పేరుపొందిన జయసింహ ఆ సొగసును చాపచుట్టి పక్కన పెట్టి, జట్టును ఓటమి నుండి తప్పించాడు. 1984–85లో అదే మైదానంలో మహమ్మద్ అజహరుద్దీన్ తొలి టెస్టులోనే ఇంగ్లండు మీద శతకం కొట్టి, తరువాతి రెండు టెస్టులలోనూ శతకాలు చేశాడు. 2001 మార్చిలో ఫాలో ఆన్ ఆడుతూ వి.వి.ఎస్. లక్ష్మణ్ అక్కడే 452 బంతులలో 281 పరుగులు చేశాడు. ద్రావిడ్‌తో కలిసి నాలుగవ రోజంతా వికెట్ పడకుండా నిలిచాడు. వరుసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియాను భారత్ 171 పరుగులతో ఓడించింది. ముగ్గురి మణికట్టులోనూ ఒకే ఊరి విద్య ఉంది. జయసింహ కాలంలో భారత జట్టుకు ఓడకపోవడమే పరువు. లక్ష్మణ్ కాలానికి గెలుపు మీద ఆశ పుట్టింది.

బ్యాటింగ్, బౌలింగ్ విషయాలలో ఎంత వాదమున్నా, ఫీల్డింగ్ మెరుగైందన్న మాటను కాదనేవారు అరుదు. వెనుకటి తరంలో బంతిని కాలితో ఆపడం, గీతవరకు సాగనంపడం మామూలు. కాంట్రాక్టర్ గాయపడగా 21 ఏళ్లకే సారథ్యం వహించిన మన్సూర్ అలీఖాన్ పటౌడీ – ఆయన రంజీ పోటీలలో హైదరాబాదు పక్షాన జయసింహ నాయకత్వంలో ఆడేవాడు – మన జట్టులో ఫీల్డింగ్‌కు గౌరవం తెచ్చాడు. 1992 ప్రపంచకప్‌లో ఇంజమామ్‌ను ఔట్ చేయడానికి జాంటీ రోడ్స్ గాలిలో ఎగిరి వికెట్ల మీద పడిన తీరు ఒక తరానికి పాఠమైంది. నేడు గీత దగ్గర బంతిని అందుకొని, గాలిలోనే మరొకరికి విసిరి క్యాచ్ పూర్తిచేయడం సాధన చేసి నేర్చే విద్య. ఫీల్డింగ్‌కు ఎదుటిపక్షపు నైపుణ్యంతో అంతగా పని లేదు. పరుగు పందెం వలె అది దేహంతో, నేలతో ముడిపడినది. అందుకే ఇక్కడ మెరుగుదల నిస్సందేహంగా కనిపిస్తుంది.

స్త్రీల క్రికెట్‌లో ఈ ఎదుగుదల ఇప్పుడే కళ్ల ముందు జరుగుతోంది. మొదటి ప్రపంచకప్ పోటీ జరిపినది స్త్రీలే – 1973లో, పురుషుల కంటే రెండేళ్లు ముందు. అయినా భారత క్రికెట్ బోర్డు స్త్రీల ఆట నిర్వహణను చేపట్టినది 2006లో. అంతకు ముందే 2002లో హైదరాబాదు యువతి మిథాలీ రాజ్ 19 ఏళ్ల వయసులో టాంటన్‌లో ఇంగ్లండు మీద 214 పరుగులు చేసి నాటికి స్త్రీల టెస్టులలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. తోడు తక్కువగా ఉన్న చోట ఒక్కరు అంత ఎత్తున నిలవడం గూల్డ్ చెప్పిన తొలిదశకు నిదర్శనం. 2025 అక్టోబరు 30న నవీ ముంబయిలో ఆస్ట్రేలియా ఇచ్చిన 339 పరుగుల లక్ష్యాన్ని భారత స్త్రీలు ఛేదించారు. నవంబరు 2న దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా నుండి వచ్చిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి ఉంది. వెనుకటి తరంలో ఒక మహానగరపు మైదానానికే పరిమితమైన అవకాశం ఇప్పుడు రాయలసీమ పల్లె వరకు వచ్చింది. ప్రమాణం పెరగడానికి ఇంతకంటె బలమైన కారణం లేదు: ఆడేవారు పెరిగితే, వారిలో నుండి ఎంచుకొనే పదకొండుమంది స్థాయి పెరుగుతుంది.

ఈ పోలికలలో అందరికంటె ఎక్కువ నష్టపోయేది సి.కె. నాయుడు వంటివారు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన నాయుడు 1932లో లార్డ్స్‌లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు సారథ్యం వహించాడు. అప్పటికి ఆయన వయసు 36. మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశాడు. జట్టులో అదే అత్యధికం. భారత్ 158 పరుగులతో ఓడింది. దేశానికి మొదటి టెస్టు విజయం దక్కడానికి మరో ఇరవై ఏళ్లు, 1952లో మద్రాసు వరకు ఆగవలసివచ్చింది. నాయుడు ఆడిన టెస్టులు ఏడు, చేసిన పరుగులు 350, సగటు 25. గణాంక పుస్తకం చూసే విద్యార్థికి ఆయన ఒక సాధారణ క్రీడాకారుడు. కాని 1926లో బొంబాయి జింఖానాలో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద ఆయన రెండు గంటలు తిరగకముందే పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేశాడు. ఆ దెబ్బలు చూసిన తరువాతనే భారత్‌కు టెస్టు హోదా ఇవ్వవచ్చునన్న ఆలోచన బలపడింది. ఆయన సత్తువ ఉన్న రోజులలో దేశానికి టెస్టులు లేవు. టెస్టులు వచ్చేసరికి వయసు మీరింది.

1956–57 సీజన్‌లో, 61 ఏళ్ల వయసులో, ఆయన రంజీ పోటీలో ఉత్తరప్రదేశ్ పక్షాన రాజస్థాన్ మీద 84 పరుగులు చేశాడు. అది నాయుడి ఘనతకు గుర్తని అభిమానులంటారు. అరవై దాటిన వ్యక్తి 84 పరుగులు చేయగలిగాడంటే నాటి రంజీ స్థాయి ఏపాటిదో చూడమని విమర్శకులంటారు. స్కోరు పుస్తకంలో మాత్రం ఆయన పేరు ఎదురుగా 84 అని ఉంది.